విమానం తలుపు దగ్గర అడిగిన ప్రశ్న

మొన్న బహ్రెయిన్ నుంచి నా పాత జూనియర్ ఒకడు ఫోన్ చేశాడు. విమానాశ్రయంలో విమానం మారేవాళ్ళను చూసుకునే ట్రాన్స్‌ఫర్ డెస్క్‌కు ఒకప్పుడు నేను సూపర్‌వైజర్‌ని, ఇప్పుడు అతను. అమెరికా అధ్యక్షుడు శరణార్థుల రాకను మళ్ళీ ఆపేశాడు కదా, మీకేమైనా ఇబ్బంది అయిందా అని అడిగాను.

"ఏం లేదు సార్. ఈసారి చాలా నీట్‌గా అయిపోయింది. సంతకం పడగానే టికెట్లే రద్దు చేశారు. ఒక్క మనిషి కూడా మన దాకా రాలేదు. మీరు పడ్డ తలనొప్పి మాకు లేదు" అన్నాడు సంతోషంగా.

నీట్‌గా అన్న ఆ మాట నాకు రుచించలేదు. ఫోన్ పెట్టేశాక కూడా చాలాసేపు దాన్ని నములుతూనే ఉన్నాను. ఆ తలనొప్పి ఏమిటో, దాన్ని నేనెందుకు కోరి తెచ్చుకున్నానో ఇప్పుడు కౌంటర్ల వెనక నిలబడుతున్న పిల్లలకు తెలియాలని ఇది రాస్తున్నాను. సలహా కోసం కాదు. జరిగింది జరిగినట్టు ఒకచోట ఉండాలని.

ముందు నా సంగతి రెండు మాటల్లో. నేను ఉత్తర తెలంగాణలో ఒక దొరల గడిలో పుట్టాను. నేను పుట్టేనాటికే గడి కప్పు సగం కూలింది. భూముల్లో కొన్ని చట్టం తీసుకుంది, కొన్ని జనం తీసుకున్నారు, మిగిలినవి మా నాన్న పేకాట తీసుకుంది. నా వాటాకు వచ్చింది నిటారుగా నిలబడే అలవాటు ఒక్కటే. మా ఇంట్లో పిల్లలకు అక్షరాల కంటే ముందు అదే నేర్పేవారు. గోడకు ఆనుకుంటే మా తాత చేతికర్రతో వీపు మీద ఒకటి తగిలించేవాడు. ఆ వీపుతోనే నేను గల్ఫ్‌కు వెళ్ళాను. ఊళ్ళో "దొర కొడుకు దుబాయి పోయిండు" అని నవ్వుకున్నారట. వెళ్ళింది బహ్రెయిన్‌కు. వాళ్ళకు అన్నీ దుబాయే.

మనామాలో పాత బజారు, సూక్ అంటారు, దాని వెనక ఒక గదిలో ఉండేవాడిని. యూనిఫాం నేనే ఉతికి, నేనే గంజిపెట్టి ఇస్త్రీ చేసుకునేవాడిని. తోటివాళ్ళు నన్ను గర్విష్ఠి అనేవారు. వాళ్ళు పొరబడలేదు.

విమానాశ్రయంలో విమానాలు నిలిపే ర్యాంపు మీద సామాను ఎక్కించే గ్యాంగుకు ఒక మేస్త్రీ ఉండేవాడు. మా పక్క ఊరివాడే. నేను ఎవరినో తెలిసిన రోజున, చేతి తొడుగులు విప్పుకుంటూ నా దగ్గరికి వచ్చాడు.

"నువ్వు ఆ గడి వాండ్లవేనా దొరా?"

"అవును."

"మా అవ్వ పెండ్లినాడు ఊరేగింపును మీ గడి ముంగట ఎండల నిలవెట్టిన్రంట. మీ తాత పండుకున్నడంట. లేచేదాంక డప్పు సప్పుడు గావొద్దు, ఎవ్వలు కదలొద్దన్నరంట. పెండ్లిపిల్ల కండ్లు తిరిగి పడ్డదంట. నిజమేనా?"

అతని గ్యాంగంతా వింటోంది. నేను ఏం బుకాయిస్తానా అని చూస్తున్నారు.

"నిజమే అయి ఉంటుంది. మా తాతకు మధ్యాహ్నం పడుకునే అలవాటు ఉండేది" అన్నాను.

అతను ఒక క్షణం నా ముఖంలోకి చూసి పెద్దగా నవ్వాడు. "మంచిగ జెప్పినవ్ దొరా. తప్పిచ్చుకోలే."

ఆనాటి నుంచి అతను నన్ను దొరా అనే పిలిచాడు. ఆ పిలుపులో మర్యాద ఎంతో, ఎగతాళి ఎంతో నేనెప్పుడూ కొలవలేదు. మానమనీ అనలేదు. ఇంటిపేరు లాంటిది అది. ఎవరు ఏ గొంతుతో పలికినా నాదే.

ఇక ఆ రోజు సంగతి. ఇప్పటి అధ్యక్షుడే మొదటిసారి కుర్చీ ఎక్కిన నెల. శుక్రవారం అక్కడ ఆయన ఒక కాగితం మీద సంతకం పెట్టాడు. కొన్ని దేశాల వాళ్ళు రాకూడదు, శరణార్థులు ఎవరూ రాకూడదు. సంతకం ఆరేలోపే అది అమల్లోకి వచ్చింది. అప్పటికే గాల్లో ఉన్నవాళ్ళ సంగతి ఎవరూ ఆలోచించలేదు. శనివారం పొద్దున మా కంప్యూటర్లలో సందేశాలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. వీళ్ళను ఎక్కించొద్దు, వాళ్ళను దించండి అని. అక్కడ దిగినవాళ్ళను విమానాశ్రయాల్లోనే గదుల్లో పెట్టి తాళం వేస్తున్నారని, కొందరిని చేతులకు బేడీలు వేసి కూర్చోబెట్టారని మధ్యాహ్నానికల్లా టీవీల్లో వచ్చింది.

అదే పొద్దున తూర్పు ఆఫ్రికా నుంచి వారానికి ఒక్కసారి వచ్చే మా విమానంలో ఒక కుటుంబం దిగింది. సొమాలియా ఆవిడ, ఆమె అత్తగారు, ఇద్దరు చిన్న ఆడపిల్లలు. అందరికీ ఒకే రకం కొత్త బూట్లు. ఆవిడ మెడలో తెల్లటి ప్లాస్టిక్ సంచి వేలాడుతోంది. అమెరికాకు వెళ్ళే శరణార్థుల కాగితాలు ఆ సంచిలోనే ఉంటాయి, దాన్ని చూస్తే మాకు వేరే అడగనక్కర్లేదు. బహ్రెయిన్‌లో విమానం మారి యూరప్ మీదుగా వెళ్ళాలి.

ఆమెను నేనే ఆపాను. ఆ పని కింది గుమస్తాకు అప్పజెప్పలేదు. ఎదురుగా నిలబడి చెప్పాను. "అమ్మా, మీరు ముందుకు వెళ్ళడానికి వీల్లేదు. అక్కడి అధ్యక్షుడు నిన్న మార్గం మూసేశాడు."

ఆమె శరణార్థుల శిబిరంలో బడిపిల్లలకు ఇంగ్లీషు చెప్పిన మనిషి. నింపాదిగా మాట్లాడింది. "నిన్ననా? నిన్న మేము బయలుదేరినప్పుడు తెరిచే ఉంది."

"అవును. మీరు దారిలో ఉండగా మూశాడు."

"అయితే మేము ఏ వైపు ఉన్నట్టు?"

కూర్చోమన్నాను. ఆమె కూర్చోలేదు. ముసలావిడ మాత్రం నేల మీదే కూర్చుని, కోడలు వద్దంటున్నా కొత్త బూట్లు విప్పి పక్కన పెట్టుకుంది.

ఆమెను ముందుకు పంపకపోవడం గురించి నాకు ఏ బాధా లేదు. పంపి ఉంటే ఆ గదుల్లో పడేసేవారు. అసలు సమస్య మధ్యాహ్నం మొదలైంది. వాళ్ళు వచ్చిన విమానం మధ్యాహ్నం తిరిగి వెళ్తుంది. ముందుకు వెళ్ళలేని ప్రయాణికుణ్ణి తెచ్చిన సంస్థే వెనక్కి తీసుకుపోవాలి. అది నియమం. మా స్టేషన్ మేనేజర్ నన్ను పిలిచాడు. కేరళ మనిషి, మనామా దగ్గర రిఫాలో కాపురం, నాకంటే చిన్నవాడు, పనిలో చెయ్యి తిరిగినవాడు. చెడ్డవాడు కాదు.

"ఆ నలుగురిని మధ్యాహ్నం విమానంలో వెనక్కి పంపండి."

ఆవిడను అడగకుండా ఎలా అని మళ్ళీ ఆమె దగ్గరికి వెళ్ళాను. వెనక్కి అనగానే ఆమె ముఖం మారింది.

"మా గుడిసె లేదు. బయలుదేరే ముందు విప్పేశాం. విప్పకపోతే వెళ్ళనివ్వరు. రేషన్ కార్డు తిరిగి ఇచ్చేశాం. శిబిరం ఉన్న దేశం మాకు ఒక్కసారి బయటికి వెళ్ళడానికే ముద్ర వేసింది. మళ్ళీ దిగితే మేము ఎవరం? పోలీసులు పట్టుకుంటారు. వైద్య పరీక్ష గడువు వచ్చే నెలతో అయిపోతుంది. అది పోతే మిగతా కాగితాలన్నీ పోతాయి. మళ్ళీ మొదటి నుంచి. నా పెద్దమ్మాయి పుట్టకముందు నుంచి నేను ఆ వరసలో ఉన్నాను సార్."

ఒక్క కన్నీటి చుక్క లేదు. పాఠం చెప్పినట్టు చెప్పింది. ఆ తర్వాత ఒకటే అడిగింది. "మమ్మల్ని ఇక్కడే ఉంచండి. ఈ కుర్చీల్లో. ఎన్నాళ్ళయినా సరే."

మేనేజర్‌కు ఇదంతా చెప్పాను. అతను తల పట్టుకున్నాడు.

"భాయ్, నాకు తెలియదా? కానీ అది మన చేతిలో ఉందా? అక్కడ అధ్యక్షుడు చెప్పాడు, హెడ్డాఫీసు చెప్పింది, నేను మీకు చెప్తున్నాను. మీరు ఎక్కించండి. ఖలాస్."

"అక్కడి కోర్టుల్లో కేసులు వేస్తున్నారని టీవీలో చెప్తున్నారు. కొన్నాళ్ళు ఆగితే ఏం పోయింది?"

"ట్రాన్సిట్‌లో నలుగురిని పెట్టుకుని కోర్టు కోసం ఎదురుచూడాలా? ఇది విమానాశ్రయం, ధర్మసత్రం కాదు."

నేను బయటికి వచ్చేశాను. ఒక్క మనిషి నోటి మాటకు వందమంది ఎక్కడివాళ్ళక్కడ నిలిచిపోవడం నాకు కొత్త విషయమేమీ కాదు. మా ఇంట్లో అది తరతరాలుగా ఉన్న పద్ధతి. అందుకే ఇందులో ఒక మర్మం నాకు బాగా తెలుసు. దొర ఎప్పుడూ తన చేత్తో తలుపు మూయడు. లోపలి నుంచి ఒక మాట అంటాడు. అది సావిట్లోకి వస్తుంది, అక్కడి నుంచి వాకిట్లోకి వస్తుంది. చివరికి గడి తలుపు దగ్గర నిలబడ్డ జీతగాడి చేయి దాన్ని మూస్తుంది. ఎండలో పడిపోయిన పెండ్లిపిల్ల ముఖం చూసేది ఆ జీతగాడే, దొర కాదు. ఎవరైనా నిలదీస్తే దొర "నేను మూయలేదే" అంటాడు, జీతగాడు "నాదేముంది" అంటాడు.

ఆ రోజు మొదటిసారి నేను ఆ వరసలో ఎక్కడ నిలబడ్డానో నాకు కనబడింది. గడి తలుపు దగ్గర. నిజం చెప్పాలంటే ఆ కుటుంబం మీద జాలి కంటే ముందు నాకు వచ్చింది కోపం. గడి పోయింది, భూమి పోయింది, సరే. కానీ ఎవరి గడికో జీతగాడిని అయ్యేంతగా మాత్రం నేను దిగిపోలేదు.

ఇక్కడ మా పనిలో ఉన్న ఒక ఆచారం చెప్పాలి. వెనక్కి పంపే ప్రయాణికులను కాగితాలతో మాత్రమే అప్పజెప్పరు. డ్యూటీలో ఉన్న సూపర్‌వైజర్ స్వయంగా విమానం తలుపు దాకా వెళ్ళి, కెప్టెన్‌కు నోటితో చెప్పాలి. కెప్టెన్ ఒక ప్రశ్న అడుగుతాడు. "వీళ్ళు ఇష్టపడే వస్తున్నారా?" ఇష్టం లేని మనిషి గాల్లో గొడవ చేస్తే విమానానికే ప్రమాదం, అందుకని అడుగుతాడు. కాదని చెప్తే ఎక్కించుకోకుండా ఉండే అధికారం అతనికి ఉంది. ఏళ్ళ తరబడి మేమందరం దానికి ఇచ్చే జవాబు ఒక్కటే. "నో ప్రాబ్లం, కెప్టెన్." అది జవాబు కూడా కాదు, నమస్కారం లాంటిది. అడిగేవాడు వినడు, చెప్పేవాడు ఆలోచించడు. నేనూ ఎన్నోసార్లు అన్నాను. వీసా గడువు చూసుకోకుండా వచ్చిన వ్యాపారులను, తాగి గొడవచేసిన కుర్రాళ్ళను అలాగే పంపాను.

విమానం టెర్మినల్‌కు దూరంగా నిలిపి ఉంది. మిగతా ప్రయాణికులు ఎక్కాక చివరి బస్సులో నేనూ, ఆ నలుగురూ వెళ్ళాం. మెట్ల దగ్గర దిగాం. విమానాశ్రయం ఉన్న ముహర్రక్‌లో చలికాలపు ఎండే, అయినా కాంక్రీటు మీద నిలబడితే ఎండే. లోపల లెక్క చూసుకుంటున్నారు, కాసేపు ఆగమని పైనుంచి సైగ చేశారు. పిల్లలు కొత్త బూట్లతో ఒకే చోట నిలబడలేక కాళ్ళు మారుస్తున్నారు. ముసలావిడ కోడలి భుజం పట్టుకుంది. అత్తగారి కళ్ళు మూసుకుని ఉన్నాయి.

పక్కనే విమానం కడుపు తెరిచి ఉంది. మేస్త్రీ, అతని గ్యాంగు సామాను ఎక్కిస్తున్నారు. ఆ కుటుంబం సంచులు బెల్టు మొదట్లో ఉన్నాయి. గోనెపట్టా లాంటి గీతల సంచులు, తాళ్ళతో కట్టినవి. మేస్త్రీ వాటి మీద చెయ్యి వేసి, ఎక్కించకుండా నా వైపు చూశాడు.

"ఎవలు దొరా వీండ్లు?"

చెప్పాను. అమెరికా, అధ్యక్షుడు, సంతకం. నాలుగు ముక్కల్లో చెప్పాను.

అతను ముసలావిడను చూశాడు, ఎండను చూశాడు, నన్ను చూశాడు.

"వీండ్ల దొర గుడ పండుకున్నడా?"

గ్యాంగులో ఎవరో కిసుక్కున నవ్వారు. నేను గడియారం చూసుకుని చెప్పాను. "అక్కడ ఇంకా తెల్లారలేదు. పడుకునే ఉంటాడు."

"మల్లెట్ల? లేచేదాంక వీండ్లను నిలవెడ్తవా, ఎన్కకు తోల్తవా?"

"మాట్లాడకుండా పని చూసుకో" అన్నాను. నా గొంతు అచ్చం మా తాత గొంతులా వచ్చింది. అతనికీ అలాగే వినబడిందనుకుంటాను. నవ్వు ఆపేసి, "సరే దొరా" అన్నాడు. కానీ సంచుల మీద నుంచి చెయ్యి తీయలేదు.

పైనుంచి పిలిచారు. మెట్లెక్కాను. తలుపు దగ్గరికి కెప్టెన్ వచ్చాడు. నెరిసిన గడ్డం, అలసిన కళ్ళు. నా చేతిలోని కవరు అందుకుంటూ, కవరు మీది పేర్లు చదువుతూ అడిగాడు.

"ఇష్టపడే వస్తున్నారా?"

"లేదు కెప్టెన్."

అతను తలెత్తాడు. ఆ మాట ఆ తలుపు దగ్గర విని ఎన్నేళ్ళయిందో. క్యాబిన్‌లో పనిచేసే అమ్మాయి కూడా చేతిలోని ట్రే ఆపి చూసింది.

"ఏమన్నారు?"

"ఇష్టపడి రావడం లేదు. వెనక్కి వెళ్ళనని ఆమె నాతో స్పష్టంగా చెప్పింది. వెళ్ళితే ఆమెకు ఉండే చోటు లేదు. మీరు అడిగారు, చెప్తున్నాను."

"గొడవ చేస్తుందా?"

"చేయకపోవచ్చు. పెద్దమనిషి తరహా. కానీ మీరు అడిగింది అది కాదు కదా."

కెప్టెన్ తలుపులోంచి కిందికి చూశాడు. ముసలావిడ ఇంకా కళ్ళు మూసుకునే ఉంది. చిన్నపిల్ల తలెత్తి విమానం తోక మీది బొమ్మను చూస్తోంది. అతను కవరు తిరిగి నా చేతిలో పెట్టాడు.

"ఇష్టం లేనివాళ్ళను నేను తీసుకెళ్ళను. రేడియోలో చెప్తాను. సామాను దింపించండి."

కిందికి దిగేసరికి మేస్త్రీ సంచులను బెల్టు మీద నుంచి తీసి ట్రాలీలో పెట్టేశాడు. నేను చెప్పకముందే. ఎలా తెలిసిందని అడిగితే, "నువ్వు మెట్లు ఎక్కినప్పుడు వంగి ఎక్కినవ్. దిగేటప్పుడు కర్ర మింగినోని లెక్క దిగినవ్" అన్నాడు.

ఆ సాయంత్రం మేనేజర్ గది తలుపులు వేసుకుని నా మీద విరుచుకుపడ్డాడు.

"కెప్టెన్‌కు ఎక్కించుకోవద్దని మీరు చెప్పారా?"

"చెప్పలేదు. ఇష్టమేనా అని అడిగాడు. కాదన్నాను."

"నో ప్రాబ్లం అంటే ఏమయ్యేది? మీ సొమ్మేం పోయేది?"

"ప్రాబ్లం ఉంది కాబట్టి అనలేదు."

"మీరు జమీందారు సంగతి పక్కన పెట్టండి. ఇది ఉద్యోగం."

"జమీందారు సంగతి నేను ఎత్తలేదు. మీరు ఎత్తారు."

అతను ఒక కాగితం నా ముందుకు తోశాడు. కెప్టెన్ ప్రశ్నను నేను సరిగా అర్థం చేసుకోలేదని రాసి ఇస్తే విషయం అక్కడితో పోతుందట. నా మేలు కోరే అన్నాడు, అది నాకు తెలుసు.

"నాకు ఇంగ్లీషు వచ్చు" అని కాగితం వెనక్కి తోశాను.

మర్నాటి నుంచి నన్ను ట్రాన్స్‌ఫర్ డెస్క్ నుంచి తీసేసి, కింద తప్పిపోయిన సామాను గదిలో వేశారు. విచారణ అయ్యేదాకా టెర్మినల్ పైకి రాకూడదు. కిటికీ లేని గది. నలువైపులా యజమానులు లేని సూట్‌కేసులు. వాటి మధ్య కూడా నేను ఇస్త్రీ యూనిఫాంలోనే, నిటారుగానే నిలబడ్డాను. మేస్త్రీ మొదటిరోజే టీ కప్పుతో వచ్చి చుట్టూ చూశాడు.

"కొత్త గడి మంచిగున్నది దొరా. రైతులు గుడ మస్తుగున్నరు" అన్నాడు సూట్‌కేసులను చూపిస్తూ.

ఆ కుటుంబం పైన ట్రాన్సిట్‌లోనే ఉంది. వెనక్కి వెళ్ళే విమానం వారానికి ఒకటే కాబట్టి వచ్చే శనివారం దాకా వాళ్ళను కదిలించడానికి లేదు. పాస్‌పోర్టు విభాగంలో పనిచేసే బహ్రెయిన్ ఆవిడ ఒకరు, ఎప్పుడూ ఎవరితోనూ నవ్వి మాట్లాడని మనిషి, నమాజు గది పక్కన వాళ్ళకు పడుకోవడానికి చోటు చూపించి దుప్పట్లు తెప్పించిందట. మేస్త్రీ గ్యాంగులో ఎవరికి పైకి డ్యూటీ పడితే వాళ్ళు ఖుబూస్ రొట్టెలు, అరటిపళ్ళు పట్టుకెళ్ళారు. ఈ కబుర్లన్నీ నాకు కిందికి వచ్చేవి. నేను వెళ్ళలేదు. వెళ్ళొద్దన్నారు కాబట్టి మాత్రమే కాదు. వెళ్ళితే ఆమె నాకు కృతజ్ఞత చెప్పాలనుకుంటుంది, అది నాకు ఇష్టం లేదు. నేను ఆమెకు చేసిన ఉపకారం ఏముంది? అడిగినదానికి ఉన్నది చెప్పాను.

కానీ వచ్చే శనివారం గురించి మాత్రం ఆలోచించకుండా ఉండలేకపోయాను. ఆ రోజు డ్యూటీలో మరో సూపర్‌వైజర్ ఉంటాడు. మంచివాడే, కొత్తగా అప్పుచేసి ఊళ్ళో ఇల్లు కట్టుకుంటున్నాడు. అతను తలుపు దగ్గర ఏమంటాడో నాకు తెలుసు. ఏళ్ళ తరబడి మేమందరం అన్నదే అంటాడు. అప్పుడు నేను సంపాదించింది ఒక్క వారం. నేను పోగొట్టుకున్నది డెస్క్. లెక్క అలా తేలినా నేను అన్న మాట వెనక్కి తీసుకునేవాణ్ణి కాదు, కానీ అలా తేలకూడదని కోరుకున్నాను. గురువారం మధ్యాహ్నం భోజనం వేళ ఆ సూపర్‌వైజర్ కిందికి వచ్చాడు. ఒక సూట్‌కేసు మీద కూర్చున్నాడు.

"శనివారం నన్ను కూడా ఆ ప్రశ్న అడుగుతారు కదన్నా" అన్నాడు.

"అడుగుతారు."

"నేనేం చెప్పాలి?"

"ఆవిడను ముందు అడుగు. ఆవిడ ఏం చెప్తే అది చెప్పు."

"మీరు తేలిగ్గా అంటారు. మీకు వెనక వంశం ఉంది."

"వెనక ఏమీ లేదు తమ్ముడూ. కూలిన గోడ ఉంది. దానికి ఆనుకోకూడదని మాత్రం మాకు చిన్నప్పుడే నేర్పారు."

అతను లేచి వెళ్ళిపోయాడు. అతను ఏమని ఉండేవాడో నాకు ఇప్పటికీ తెలియదు. తెలుసుకునే అవసరం రాలేదు.

శనివారం పొద్దున డ్యూటీకి వచ్చి సామాను గది తాళం తీస్తుంటే మేస్త్రీ పరుగున వచ్చాడు. పరుగెత్తే మనిషి కాదు.

"దొరా, పైన ఉరుకులాట అయితంది. అమెరికా మెసేజ్ వచ్చిందంట. బంద్ వెట్టింది బంద్ అయిందంట."

"అధ్యక్షుడు వెనక్కి తీసుకున్నాడా?"

"ఏడికెల్లి! దొర లెవ్వలే. జడ్జి లేచిండు."

అది నిజమే. అక్కడ ఒక న్యాయమూర్తి ఆ ఆదేశాన్ని ఆపాడు. కాగితాలు సరిగా ఉన్నవాళ్ళను ఎక్కించవచ్చని విమాన సంస్థలకు కబురు వచ్చింది. అయితే పై కోర్టు దీన్ని ఎప్పుడు తిప్పేస్తుందో ఎవరికీ తెలియదు. సాయంత్రానికి మళ్ళీ మూసేయొచ్చు. యూరప్ విమానం పొద్దుటిదే ఉంది, దాదాపు నిండింది. దాని మీదే పంపితే పంపినట్టు.

ఆ తర్వాత జరిగింది నేను చూడలేదు, విన్నదే. నన్ను తిట్టిన మేనేజరే సీట్ల కోసం యూరప్ ఆఫీసుతో ఫోన్‌లో గొంతు చించుకున్నాడట. అందులో ప్రయాణిస్తున్న మా సిబ్బంది నలుగురిని దింపి వాళ్ళ సీట్లు ఇప్పించాడట. గేటు మూసే వేళకు చిన్నపిల్ల బూటు జారిపోతే, పిల్లను చంకన వేసుకుని, బూటు చేత్తో పట్టుకుని, టై భుజం మీదికి ఎగిరిపోగా అతనే కారిడార్ అంతా పరుగెత్తాడట. విన్నప్పుడు నాకు అతని మీద ఉన్న కోపం చాలా మటుకు పోయింది. జీతగాడి చేతికి తలుపు తెరవమన్న మాట వస్తే అంత బలంగానూ తెరుస్తుంది. కానీ ఆ మాట వచ్చేదాకా మనిషి అక్కడ నిలబడి ఉండాలి కదా. వెనక్కి తోలేశాక ఎవరికోసం తెరుస్తారు?

నా విచారణ నెల తర్వాత జరిగింది. పశ్చాత్తాపం ఉందా అని అడిగారు. లేదన్నాను. కెప్టెన్‌ను పిలిపించి అడగమన్నాను. పిలిపించలేదు. నన్ను డెస్క్‌కు మళ్ళీ తీసుకోలేదు. రిటైరయ్యేదాకా ఆ సూట్‌కేసుల గదిలోనే పనిచేశాను. జూనియర్లు నా కంటే పైకి వెళ్ళారు, ఫోన్ చేసిన ఈ కుర్రాడితో సహా. అందుకు ఎవరూ నన్ను ఓదార్చనక్కర్లేదు.

ఈసారి నీట్‌గా అయిపోయిందని అతను అన్నాడు. నిజమే, పైవాళ్ళు నేర్చుకున్నారు. మనిషి తలుపు దాకా వస్తే ఎవరో ఒకరు అడగాల్సి వస్తుంది, ఎవరో ఒకరు చెప్పాల్సి వస్తుంది. అందుకే ఇప్పుడు శిబిరంలో గుడిసె విప్పుకుని బస్సు కోసం నిలబడినచోటే ఆపేస్తున్నారు. అక్కడ కూడా ఒక గుమస్తా ఉంటాడు నాయనా. బస్సు రాదని చెప్పే మనిషి ఒకడు ఉంటాడు. అతన్నీ ఎవరో ఏదో అడిగే ఉంటారు. మీకు తలనొప్పి రాలేదంటే అది ఇంకెవరికో వచ్చిందని అర్థం.

ఆ శనివారం పొద్దున మాత్రం నేను సామాను గదిలోనే ఉండిపోయాను. పైకి రావొద్దన్నారు, నేను వెళ్ళలేదు. విమానం బయలుదేరే వేళ అయింది. చేతిలో ఎవరిదో తాళం పోయిన పెట్టె ఉంది, దాని చీటీ ఎన్నిసార్లు చదివినా నాకు ఎక్కడం లేదు. అప్పుడు గోడకున్న వాకీటాకీ గరగరమంది. ర్యాంపు మీద గాలి హోరు, దాని వెనక మేస్త్రీ గొంతు.

"దొరా."

"చెప్పు."

"గీతల సంచులు నా చేతులతోటి లోపట వెట్టిన. నలుగురు పైకి ఎక్కిన్రు. ముసలామె బూట్లు చేతుల పట్టుకొని ఎక్కింది."

"తర్వాత?"

"తర్వాత ఏముంది దొరా. తలుపు మూసినం."